అమాస నాటి కూత

కప్పగల్లులో హారతి చదివే చదువు పేరు ఎవరికీ నోరు తిరగదు. రిక్రియేషన్ అండ్ స్పోర్ట్ మేనేజ్‌మెంట్ అని మొదట్లో ఆ పిల్ల ఓపిగ్గా పూర్తిగా చెప్పేది. వినేవాళ్లు సగంలోనే నవ్వేవాళ్లు. చివరికి విసిగి, వాళ్లు అనకముందే తనే 'ఆటల డిగ్రీ' అనేయడం మొదలుపెట్టింది. అయినా నవ్వేవాళ్లు మానతారా?

"ఆడుకునేదానికి డిగ్రీ ఏంది మే? రేపు నిద్దరపోయేదానికి గూడా కాలేజీ పెడ్తారేమో!" అన్నాడు ఒకరోజు టీ అంగడి దగ్గర కూర్చున్న పెద్దమనిషి.

"పెడితే ఫస్ట్ ర్యాంకు నీదే చిన్నప్పా. అప్లికేషన్ నేనే తెచ్చిస్తా" అని చెప్పి బళ్లారి బస్సెక్కింది హారతి.

ఆ పిల్ల నోటికి జడిసేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇంట్లో మాత్రం ఆ నోరు ఎవరి దగ్గర నేర్చిందో అంతుపట్టదు. తండ్రి ఆంజినప్ప కుడతిని దగ్గర బూడిద ఇటుకల బట్టీలో పనిచేస్తాడు. పొద్దున పోయినవాడు సాయంత్రానికి కనురెప్పల దాకా బూడిదతో తిరిగొస్తాడు, మాట తక్కువ. తల్లి ఉచ్చంగెమ్మది చేని పని. మిరపకాయలు కోసే కాలంలో చేతులు రాత్రంతా మంటలు పుడుతుంటే నీళ్ల చెంబులో ముంచుకుని కూర్చునే మనిషి. కూతురి ముందు తప్ప ఇంకెవరి ముందూ గొంతు పెంచి ఎరగదు.

ఈ కథంతా కాలేజీలో ఒక ప్రశ్నతో మొదలైంది. శివపార్వతి మేడమ్ రెండో ఏడు పాఠం చెబుతూ, "మీ అమ్మ రిక్రియేషన్ ఏమిటి? పని కాదు, పూజ కాదు, తన సంతోషం కోసం తను చేసుకునేది" అని అడిగింది. ఒకమ్మాయి వాకింగ్ అంది. ఒకడు మా అమ్మ షటిల్ ఆడుతుంది అన్నాడు. టీవీ అన్నవాళ్లు బోలెడుమంది. హారతి వంతు వచ్చింది. ఎప్పుడూ ఎవరికీ మాట బాకీ పడని పిల్ల, నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న తల్లి పక్కన కూర్చుని అదే అడిగింది. "పని లేకుంటే ఏం చేస్తావు మా?"

"పని లేకుంటే పని యాడుండాదా అని ఎతుక్కుంటా."

"అది గాదు మా. నీ కోసరం. ఊరికే, సంతోషానికి."

ఉచ్చంగెమ్మ నిజంగానే ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందంటే పెనం మీద జొన్నరొట్టె మాడి పొగ లేచింది. అప్పుడు ఉలిక్కిపడి దాన్ని తిరగేసి, "పండుకుంటా" అంది.

హారతికి ఒళ్లు మండిపోయింది. తల్లి మీద కాదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేదు కానీ, ఆ మాడిన రొట్టె తనే తీసుకుని, నమిలినంతసేపూ ఎవరినో కసితీరా నమిలినట్టు నమిలింది.

చివరి ఏడు వచ్చింది. ఆ చదువులో ఒక నియమం ఉంది. డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి విద్యార్థీ ఒక ఆటల కార్యక్రమం సొంతంగా నడిపి చూపించాలి. అది ఎప్పుడూ ఆడేవాళ్లతో కాదు, ఆట మొహం చూడనివాళ్లతో ఆడించాలి. తోటివాళ్లు అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్ల నడక పోటీలనీ, మాల్‌లో పిల్లల ఆటలనీ రాసుకొచ్చారు. హారతి లేచి, "మా ఊరి మిరపకాయల కూలోళ్లతో కబడ్డీ" అంది. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. నేనే వచ్చి చూస్తాను, చెయ్యి అంది.

రోజు కూడా హారతే ఎంచింది, అమావాస్య. ఆ పక్క అమాస నాడు చేలో దిగరు. దున్నడానికి మడక కట్టరు, కొడవలి పట్టరు. కూలివాళ్లకు ఏ ఆదివారమూ లేని సెలవు అమాస ఒక్కటే ఇస్తుంది. ఆ రోజు కూడా ఆడవాళ్లు ఇల్లు అలికి, బట్టలుతికి, వంట చేసి సెలవును ఖర్చుపెట్టేస్తారు. ఆ సెలవులోంచి ఒక పూట లాక్కోవాలనేది హారతి పంతం.

ఆడేవాళ్లను కూడగట్టింది పాపి. ట్రాక్టర్ డ్రైవర్ గాళెప్ప పెళ్లాం. మనిషి బక్కపలచన, చేలో అందరికంటే ముందు సాలు తనదే. సాయంత్రాలు పాపి ఇంటి వెనక దిబ్బ పక్కన చీరలు ఎగదోపుకుని, ఉచ్చంగెమ్మతో సహా అందరూ నేర్చుకున్నారు. కాళ్లు పట్టడం ఒక్కరోజులో వచ్చేసింది. గంపలెత్తిన చేతులు, పట్టు నేర్పాల్సిన పని లేదు. రానిది కూత. ఊపిరి బిగబట్టి, కబడ్డీ కబడ్డీ అని ఎదుటివాళ్లకు వినపడేలా అంటూ పోవాలి. గొంతు ఆగినా, వినపడకపోయినా ఔటే. చేలో ఈ చివర నుంచి ఆ చివరకు కేకలేసుకునే ఆడవాళ్లే, ఇక్కడ కూత అనేసరికి నోట్లోనే గొణిగారు. హారతి గమనించింది, చేలో కూడా ఆ చేల ఆసామి రామసుబ్బా మోటారుసైకిల్ చప్పుడు వినపడగానే వీళ్ల గొంతులు ఇలాగే దిగిపోతాయి.

ఇక రామసుబ్బా సంగతి. ఊరి భూమిలో మంచి ముక్కలు ఆయనవి. రెండు లారీలు యశ్వంతనగర్ గనుల దాకా తిరుగుతాయి. గాళెప్ప తోలేదీ ఆయన ట్రాక్టరే. చెడ్డవాడని ఎవరూ అనరు. బడికి రెండు గదులు కట్టించాడు. కట్టించిన నాటి నుంచి ప్రతి ఏడూ మిరప సీజనులో బడి మైదానమంతా ఆయన కాయలే ఎండుతాయి. పిల్లలు వరండాలో కూర్చుని తుమ్ముతారు. ఆటల పీరియడు అంటే ఆ మూడు నెలలూ తుమ్ముల పీరియడే. ఇదేంటని అడిగినవాళ్లు లేరు. హారతి మైదానం కావాలంటే హెడ్‌మేష్ట్రు సరేనని తల ఊపాడు. రామసుబ్బా ఎప్పటిలా కాయలు పోసుకుంటానన్నా అదే తల ఊపాడు. ఆయనకు ఉన్నది ఒక్కటే తల, పాపం, అది ఊపడానికే ఉంది.

హారతి రామసుబ్బా ఇంటికి పోయింది. "అమాస నాడు గ్రౌండులో ఆట పెట్టుకున్నామప్పా. చెప్పి పోదామని వచ్చినా" అంది.

అడిగి పోదామని అననందుకు ఆయన కనుబొమలు లేచాయి. "అమాస కూలోళ్లకి మే, కాయకి గాదు. కోసిన కాయ చేన్లో కుప్ప పడుండాది. మోడం పట్టి ఎండ రాకుంటే అంతా తాలు కాయ అయితాది. ఆడోళ్లు కబడ్డీ ఆడితే ఊరికి వానొస్తాదా?"

"వానొస్తే నష్టం మీకే గదప్పా, కాయ తడుస్తాది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఎంతో తెలియలేదు. "తెల్లారేసరికి గాళెప్ప లోడు తెస్తాడు. అడ్డం రాగాకండి" అన్నాడు.

"తెల్లారకముందే మేం ఉంటాం" అని వచ్చేసింది.

ఆ మాట హారతి కంటే ముందు ఇల్లు చేరింది. ఉచ్చంగెమ్మ గుమ్మంలోనే అందుకుంది. "నీకేం పొయ్యే కాలం మే? ఆయప్ప చేన్లో కూడు తింటాండాం మనం."

"ఆయప్ప చేన్లో మన రెక్కల కూడు తింటాండాం. తేడా ఉండాది."

"తేడా నీ కాలేజీలో ఉంటాది. ఈడ ఉండదు. రేపు పన్లోకి పిలవకుంటే నీ డిగ్రీ పొయ్యి మీద పెట్టి ఒండల్లా? నేను రాను. నా పేరు కొట్టెయ్."

హారతి కొట్టెయ్యలేదు. తల్లి రాదని తెలిసినా కొట్టెయ్యలేదు. ఎవరు రాకపోయినా ఆ మైదానంలో అమాస పొద్దున బరి ఉండి తీరాలి, అంతే.

ముందురోజు సాయంత్రం బరి గీసింది. సున్నం కళ్లలో పడితే మంట అని, ఆంజినప్ప బట్టీ నుంచి ఒక గోతం బూడిద తెచ్చి కూతురి ముందు దించాడు. "గాలికి పోదు, తడి చల్లి గీయి" అన్నాడు. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. తండ్రి తాడు పట్టుకున్నాడు, కూతురు గీసింది. మసక చీకట్లో తెల్లగా, సూటిగా నిలిచింది బరి. హారతి నడుమ గీత మీద కాసేపు ఊరికే నిలబడి ఇంటికి వచ్చింది.

తెల్లవారుతుంటే పాపినీ మిగతావాళ్లనీ వెంటేసుకుని పోయేసరికి ట్రాక్టర్ వచ్చేసి ఉంది. కానీ ట్రాక్టర్ గేటు దాటి నాలుగడుగుల్లోనే ఆగిపోయి, ఎర్రటి కాయల లోడుతో గుడగుడమంటూ ఉంది. గాళెప్ప చెప్పులు విడిచి, బూడిద గీతకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకొంచెం ముందుకు పోతే హారతికీ కనపడింది. బరి నాలుగు మూలలా కుంకుమ అద్దిన నిమ్మకాయలు, పక్కన వేపమండలు. అవి తను పెట్టినవి కావు.

ఆ పక్క కళ్లాల్లో ఒక ఆచారం ఉంది. ధాన్యం రాశి పోశాక దాని చుట్టూ బూడిదతో గీత గీస్తారు. కొలత అయ్యేదాకా ఆ గీతను గీసినవాళ్లు తప్ప ఎవరూ చెరపరు, చెప్పుకాలితో తొక్కరు. గాళెప్ప పుట్టి పెరిగింది ఆ కళ్లాల్లోనే. పైగా అమాస. ఆ పొద్దున తన ట్రాక్టర్ చక్రాల కిందే నిమ్మకాయలు పెట్టి తొక్కించి బయలుదేరిన మనిషి. అలాంటివాడి ముందు చుట్టూ బూడిద గీసి, మూలమూలకూ నిమ్మకాయ పెడితే ఇంకేమనుకుంటాడు? ఫోన్ తీసి, "సుబ్బప్పా, ఈడ ఎవురో ఏదో కట్టు కట్టినారు. నా చేత గాదు, నువ్వే రా" అన్నాడు.

రామసుబ్బా వచ్చాడు. మోటారుసైకిల్ దిగి గీత దాకా వచ్చి, ఆయన కూడా ఆగాడు. అలవాటుగా కాళ్లలోంచి చెప్పులు జారిపోయాయి. ఆయనా రైతే కదా. గొంతు తగ్గించి, "ఏ దేవునిదమ్మా ఇది?" అని అడిగాడు.

పాపి వెనక నుంచి హారతి చెయ్యి గిల్లింది. "ఏదో ఒక దేవర పేరు చెప్పుమే. పీడా పోతాది" అని గుసగుసలాడింది.

చెప్పొచ్చు. ఒక్క పేరు చాలు. ట్రాక్టర్ వెనక్కి పోతుంది, ఆట సాగుతుంది, డిగ్రీ వస్తుంది. హారతి నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇవాళ దేవర పేరు చెప్పి ఆడితే ఆ మైదానం దేవరది అవుతుంది. వచ్చే అమాసకు ఇంకో దేవరను వెతుక్కోవాలి. వీళ్లు ఎప్పటికీ ఎవరో ఒకరి చాటునే ఆడాలి.

"ఏ దేవునిదీ గాదప్పా" అంది హారతి గట్టిగా. "కుడతిని బూడిద. మా నాయన తెచ్చినాడు, నేను గీసినా. ఇది కబడ్డీ బరి."

పాపి నెత్తి కొట్టుకుంది. గాళెప్ప ఊపిరి వదిలాడు. రామసుబ్బా ముఖంలోకి రక్తం పొంగుకొచ్చింది. తను చెప్పులు విడిచి నిలబడ్డ సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఒకటి తొడుక్కున్నాడు, రెండోది కాలికి దొరకలేదు. "ఏం చూస్తాండావు గాళెప్పా? తోలు!" అని అరిచాడు.

గాళెప్ప ఎక్కి గేరు వేశాడు. పాపి పోయి గీత మీద నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ పోయి, సాయంత్రాలు నేర్చుకున్నట్టే చేతికి చెయ్యి పట్టి గొలుసు కట్టారు.

"పక్కకి పోయే!" అన్నాడు గాళెప్ప పెళ్లాంతో.

"తొక్కించు. తొక్కించి ఇంటికి పో, ఇంక నీ కూడు నువ్వే ఒండుకో" అంది పాపి. గాళెప్ప కాలు క్లచ్ మీదే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆటోలోంచి శివపార్వతి మేడమ్ దిగింది. ట్రాక్టర్, ఆడవాళ్లు, ఒంటి చెప్పుతో రామసుబ్బా, అన్నీ చూసి కంగారుపడి హారతిని పక్కకు పిలిచింది. "గొడవ వద్దమ్మా, కాలేజీ పేరు పోతుంది. ఇంకో రోజు, ఇంకో చోట పెట్టుకుందాం. మార్కులు నేను చూసుకుంటాను."

"మార్కులకైతే ఇంకో చోట చాలు మేడమ్. మీ అమ్మ ఆట ఏందని మీరే గదా అడిగింది? ఆ పొద్దు జవాబు చెప్పలేకపోయినా. ఈ పొద్దు చెప్పాలంటే ఈడే చెప్పాల." మేడమ్ కొంగు నడుముకు చుట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుంది.

రామసుబ్బా ఇక హారతి వైపు చూడలేదు. గొలుసు కట్టిన ఆడవాళ్ల వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. "ఎవురెవురు నిలబడినారో చూసుకుంటాండా. రేపట్నించి నా చేన్లో కాలు పెట్టొద్దు."

ఆ నెమ్మదే పనిచేసింది. గొలుసు చివర ఒక చెయ్యి వదులైంది. పక్కది కూడా వదులైంది. బిగించి పట్టుకోండని హారతి ఏ మొహంతో అంటుంది? చదువుకున్న పిల్ల రేపు బస్సెక్కిపోతుంది. చేలోకి పోవాల్సింది వీళ్లు.

అప్పుడు వరండా స్తంభం చాటు నుంచి ఉచ్చంగెమ్మ వచ్చింది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో ఏమో. రామసుబ్బా పక్కనుంచే నడిచి వచ్చి, తల వంచుకునే ఆగింది. "నిమ్మకాయలు నేను పెట్టినా అప్పా" అంది. "దేవునికి గాదు. ఊరందరి కండ్లూ నా బిడ్డ మీదే ఉండాయి, దిష్టి తగలగూడదని పెట్టినా." తర్వాత, ఇంకా తల వంచుకునే, "చేన్లోకి రావద్దంటే రాము. కాయ చెట్టు మీదే ఎండి రాలతాది. కోసుకునేది నువ్వు చూసుకో" అంది.

గాళెప్ప ఇంజన్ ఆపేశాడు. ఉచ్చంగెమ్మ గీత దాటి లోపలికి వచ్చి చీర ఎగదోపుకుంది. "నేను యా దిక్కు నిలబడల్ల మే?" అని కూతుర్ని అడిగింది. గొలుసులో వదులైన చేతులు మళ్లీ బిగిశాయి.

"ఎంతసేపు ఈ ఆట?" అన్నాడు రామసుబ్బా.

"అయిపోయేదాకా. మీ మిద్దె మీద ఎండ బాగానే పడతాది గదప్పా, ఆడ పోసుకోండి" అంది హారతి. ఆయన కదల్లేదు. రెండో చెప్పు కోసం వెతకనూ లేదు. గీతకు ఇవతలే నిలబడి, ఎవరెవరు ఆడతారో చూస్తూ ఉన్నాడు.

హారతి ఈల ఊదింది. మొదటి కూత తల్లిదే. ఉచ్చంగెమ్మ నడుమ గీత దాటి వంగి, చేతులు చాచి ముందుకు పోయింది. పెదవులు కదులుతున్నాయి. రామసుబ్బా ఉన్న దిక్కుకు చూపు పోయేసరికి ఆ పెదవుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఈల మోగింది. "కూత వినపడలే. ఔట్."

"మే, మీ అమ్మ గదా!" అంది పాపి.

"అమ్మయినా అంతే. వినపడాల." హారతి చేత్తో బయటికే చూపించింది. ఉచ్చంగెమ్మ కూతుర్ని ఒక చూపు చూసి బయటకు పోయి కూర్చుంది. ఆ చూపుకు హారతి కళ్లు దించుకుంది. అయినా మాట మార్చుకోలేదు.

అదే జట్టులోని పాపి పోయి ఎదుటివాళ్లలో ఒకరిని తాకి వచ్చింది. ఎదుట ఒకరు ఔటైతే ఇటు ఒకరు లేస్తారు, ఆ లెక్కన ఉచ్చంగెమ్మ తిరిగి బరిలోకి వచ్చింది. ఈసారి కొంగు బిగించి, రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుంది. మిరప ఘాటుకు ఏళ్ల తరబడి దగ్గి దగ్గి బొంగురుపోయిన గొంతు ఒక్కసారిగా లేచింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. బడి గోడ మీద పావురాలు ఎగిరిపోయాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ఒకామెను తాకింది, కాలు పట్టుకున్న ఇంకొకామెను ఈడ్చుకుంటూ వచ్చి నడుమ గీత దాటింది.

"గీత దాటినావు మా! ఆపచ్చు!" అని అరిచింది హారతి.

ఉచ్చంగెమ్మ ఆపలేదు. తన పక్కకు వచ్చేసినా, ఆట ప్రకారం ఇక పనిలేకపోయినా, రామసుబ్బా నిలబడిన బూడిద గీత దాకా అదే కూతతో నడిచింది. ఆయన ముఖంలోకి తల ఎత్తి చూస్తూ, ఊపిరి ఉన్నంతసేపు కూత పెట్టింది. రేపు ఆ చేలో పని ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. రామసుబ్బా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈల హారతి పెదవుల మధ్యే ఉంది. ఊదలేదు.